బొట్టుదాకా నీళ్లు

మేడం పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. కమలాపురంలో కడప బస్సెక్కి అప్పుడే కిటికీ పక్కన సీటు పట్టుకున్నాను. చేసింది మేడం కోడలు. "నిద్రలోనే అక్కా..." అని పెట్టేసింది. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. కడప వచ్చేదాకా ఆ సీసా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

నేను మేడం దగ్గర డిగ్రీలో జువాలజీ చదివాను. ఇప్పుడు అదే కాలేజీలో, అదే ల్యాబ్‌లో పాఠాలు చెబుతున్నాను. ఆమె రిటైరయ్యేటప్పుడు నాకూ, మా ల్యాబ్ ఊడ్చే ఆయమ్మకూ కలిపి ఒక గాజుతొట్టి అప్పజెప్పి పోయారు. ఆమె గురించి నాలుగు మాటలు రాయమంటే నాకు ఆ తొట్టి తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు. దాని గురించే చెబుతాను.

మా ల్యాబ్ బీరువాలో ఫార్మలిన్ సీసాలు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో సముద్రపు గుర్రం. వేలెడంత చేప, ముఖం మాత్రం గుర్రానిది, తోక కిందికి చుట్టుకుపోయి ఉంటుంది. సీసాలోది గాజుపలకకు దారంతో కట్టేసి, పాలిపోయి, ఎండబెట్టిన బెండకాయలాగా ఉండేది. మాకు ముందు చదివిన వాళ్లూ, మేమూ అందరం దాన్ని చూసే రికార్డులో బొమ్మ గీశాం. అందరం దారంతో సహా గీశాం. నేను ఇంకో అడుగు ముందుకేసి ముడి కూడా గీశాను.

మేడం నా రికార్డు చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఏమ్మే, సముద్రంలో దీన్నెవరు కట్టేసినారు?"

"తెలీదు మేడం. సీసాలో ఇట్లనే ఉండాది."

ఆమె నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కాసేపు సీసా వైపే చూసి, "ముందు చూడండి, తర్వాత గీయండని ఇన్నేండ్లుగా చెప్తాండా. బతికిండే దాన్ని నేనే చూడలే. ఇంక మీకేం చూపించేది?" అన్నారు. ఆమె గొంతులో అంత బాధ నేను అంతకుముందు వినలేదు.

అది నేను చదువు ముగించే ఏడాది. పీజీ చేసి మళ్లీ అదే కాలేజీకి పాఠాలు చెప్పడానికి వచ్చేసరికి మేడంకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ మాట మాత్రం ఆమె మరిచిపోలేదు. దిగిపోయేలోగా ఆ ల్యాబ్‌లో బతికున్న సముద్రపు గుర్రాన్ని మా పిల్లలకు చూపించాలి. ఆమెకు పట్టుకున్న పిచ్చి అదొక్కటే. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా తిరుపతికి పోయి, అటునుంచి మద్రాసు పోయి, బీచిలో కాళ్లు తడుపుకుని వచ్చినవాళ్లే.

సముద్రపు గుర్రాలను కొనుక్కొచ్చి పెంచుకోవడానికి లేదు. చట్టం వాటిని కాపాడుతోంది. ఒక పరిశోధన కేంద్రం వాళ్లు తమ తొట్లలో పుట్టించిన పిల్లలను కాలేజీకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, అటవీశాఖ అనుమతి ఉంటేనే. ఆ అనుమతి కోసం మేడం ఎండనక వాననక తిరిగారు. "పులినడిగినా ఇంత తిరిగేపని ఉండదేమో మేడం" అని నేనంటే, "పులిని యాడ పెడతావు? మన ల్యాబ్‌లో పట్టదు" అని చెప్పులేసుకుని మళ్లీ బయల్దేరేవారు.

అనుమతి వచ్చాక అసలు పని మొదలైంది. మా కాలేజీ బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. ఎట్లాగూ ఉప్పే కదా, ఇవే పోద్దామని తోటి లెక్చరర్లు మేడంను ఆటపట్టించారు. మేడం వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించి, డ్రమ్ములో పోసి, మద్రాసు నుంచి వచ్చిన సముద్రపు ఉప్పు కలిపి, చిన్న మోటారు పెట్టి తిప్పించారు. ఆయమ్మ వేలు ముంచి నాలుకకు తాకించుకుని, "అబ్బ, ఇంతుప్పా! దీంట్లో ఎట్ల బతుకుతాయి మేడమ్మా?" అంది. మరుసటి రోజుకు తొట్టిలో నీళ్లు నిండాయి. అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు, ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే లేనట్టే ఉన్నాయి. మేడం తృప్తిగా చూసుకుని క్లాసుకు పోయారు.

క్లాసు ముగించుకుని మేమిద్దరం తిరిగి వచ్చేసరికి తొట్టి పసుపుతో పచ్చగా ఉంది. పైన బంతిపూల రేకులు, అక్షింతలు తేలుతున్నాయి. కుంకుమ ఎర్రగా చారలు కట్టి కిందికి దిగుతోంది. కొట్టిన టెంకాయ చెక్కలు పక్కన పెట్టి, ఊదుబత్తి వెలిగించి, ఆయమ్మ చేతులు జోడించుకుని నిలబడి ఉంది. టెంకాయ నీళ్లు కూడా తొట్టిలోనే పోసింది.

మా వైపు పల్లెల్లో బోరు వేసి నీళ్లు పడితే గంగపూజ చేస్తారు. నీళ్లల్లోకే పసుపు కుంకుమ వేస్తారు, టెంకాయ కొడతారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. కానీ ఆ ఉప్పు మళ్లీ తెప్పించాలి, నీళ్లు మళ్లీ కలపాలి, కలిపాక వారాల తరబడి వాటిని అట్లాగే తిప్పుతూ ఉంచాలి. మేడం దిగిపోయే రోజు మాత్రం మాకోసం ఆగదు.

మా ముఖాలు చూసి ఆయమ్మకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. జోడించిన చేతులు దించేసింది.

"మా చేన్లో ఏసిన బోర్లన్నీ దుమ్మే లేసినాయి మేడమ్మా. గంగమ్మ పడితే పూజ చేయల్లని ఎన్నేండ్లో కాచుకోనుంటిని. ఈడ ఇన్ని నీళ్లు చూస్తానే పాణం ఆగలే."

మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత ఆమె లేచి, తొట్టి నీళ్లు రెండు కళ్లకూ అద్దుకున్నారు.

"నువ్వు చేసింది తప్పు కాదక్కా. శానా బాగ చేసినావు. కాకపోతే గంగమ్మ ఇంకా రాలేదు. వచ్చేటప్పుడు చెప్తా, మళ్ల చేద్దువులే."

ఆ రోజు నేను నేర్చుకున్నది జువాలజీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. కోపం రావలసిన చోట ఆమెకు కోపం రాలేదని కాదు. వచ్చింది, మెడ మీద నరం నాకు కనిపించింది. దాన్ని మింగి, ఎదుటి మనిషి కోరిక పెద్దదని ముందుగా చూడగలిగారు. అట్లాంటి మనిషి దగ్గర చదువుకున్నందుకు నాకు ఈ పొద్దుటికీ గర్వంగానే ఉంది.

తొట్టి కడిగాం. మళ్లీ నింపాం. ఈసారి మేడమే ఆయమ్మను పిలిచి, "ఇప్పుడు పూజ చెయ్యక్కా. కాకుంటే బొట్టు బయట పెట్టు, అద్దానికి. టెంకాయ నేల మీద కొట్టు" అన్నారు. ఆయమ్మ పసుపు తడిపి గాజుకు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. చేయి ఎక్కడ ఆగిందో అక్కడే పెట్టింది. సరిగ్గా నీళ్ల అంచు దగ్గర.

మేడం ఆ బొట్టు వైపు వంగి చూసి, "ఇది భలే కుదిరిందే!" అన్నారు. ఆ రోజు నుంచి మా తొట్టికి కొలత ఆ బొట్టే. మా ఊరి పొడిగాలికి నీళ్లు రోజూ ఆవిరై దిగిపోతాయి. దిగినంతా మళ్లీ పోయాలి. ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లు.

"పులుసు మరిగితే ఉప్పెక్కువైతాదా లేదా అక్కా? ఎందుకైతాది? నీళ్లు పోయి ఉప్పు ఆడనే ఉంటాది. ఇదీ అంతే. పోయిండేది నీళ్లు, నీళ్లే పొయ్యల్ల. బొట్టుదాకా పొయ్యి, ఆపెయ్యి."

ఆయమ్మకు అది చాలింది. శుక్రవారం శుక్రవారం పాత బొట్టు తుడిచి అదే చోట కొత్తది పెట్టేది.

నీళ్లు కుదురుకునేదాకా తొట్టిలో ఒక్క ప్రాణీ లేదు. ఉత్త నీళ్లకు కాపలా ఏందని కాలేజీ అంతా నవ్వింది. మేడం మాత్రం రోజూ వచ్చి, కుర్చీ వేసుకుని, ఆ ఖాళీ తొట్టి ముందు టీ తాగేవారు. "తొందరపడితే కాదమ్మా. నీళ్లు పండల్ల" అనేవారు.

చలికాలంలో ఒక పొద్దున రైల్లో థర్మోకోల్ డబ్బా వచ్చింది. మగదొకటి, ఆడదొకటి. నెమ్మదిగా తొట్టిలోకి వదిలాం. ఇంతలో మేము నాటిన ప్లాస్టిక్ మొక్కలు ఊడి పైకి తేలాయి. సముద్రపు గుర్రానికి ఈత అంతంతమాత్రం, తోకతో దేన్నైనా పట్టుకుంటేనే దానికి నిమ్మళం. రెండూ పట్టు దొరక్క మోటారు నీళ్ల తోపుకు కొట్టుకుపోతున్నాయి. మేము మొక్కల వెంటబడ్డాం. మేడం చేతికున్న గాజులు రెండు తీశారు. బంగారు గీతలేమీ లేని ఉత్త పచ్చగాజులు. కడిగి, తొట్టిలో చేయి పెట్టి, రాళ్ల సందులో నిలువుగా గుచ్చారు. మగది తేలుకుంటూ పోయి ఒక గాజుకు తోక చుట్టి ఆగింది. ఆడది రెండోదానికి.

"చూడండి మే," అన్నారు మేడం. ఆమె కళ్లల్లో నీళ్లు. మా పిల్లలు బల్లలెక్కి మరీ చూశారు. ఆ ఏడాది రికార్డులు దిద్దుతూ మేడం ఒక్కొక్క పేజీ నాకు చూపించారు. ఒకరు తలవంచుకున్న గుర్రాన్ని గీశారు, ఒకరు గాజు పట్టుకున్నదాన్ని, ఒకరు వెనక్కి తిరిగినదాన్ని. "దారం యాడన్నా కనిపిస్తాండాదా?" అని అడిగి, చిన్నపిల్లలాగా నవ్వారు.

వాటికి తిండి పెట్టడం ఒక పని. జీర్ణాశయమన్నదే లేని చేప, తిన్నది నిలవదు, మాటిమాటికీ చిన్న రొయ్యపిల్లలు వేయాలి. ఎండాకాలం ఇంకో పని. మా ల్యాబ్ మిద్దె పైన, మధ్యాహ్నానికి గోడలు కూడా కాలుతాయి. మేడం తొట్టి మూత తీసి, నీళ్ల మీదికి రెండు ఫ్యాన్లు తిప్పి, కిటికీకి తడి గోనెపట్టా కట్టించారు. "సముద్రం ఒడ్డున ఫ్యాను పెడితే నీళ్లు ఇంత చల్లబడవు. గాలి ఎండుంటేనే చల్లబడేది. మన కరువుగాలి దేనికన్నా పనికొచ్చిందంటే దీనికే" అనేవారు. ఫ్యాన్ల దెబ్బకు నీళ్లు బొట్టు కిందికి గబగబా దిగేవి. ఆయమ్మ చెంబు పట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడేది. ఎండలు ముదిరినా రెండూ బతికాయి.

మేడం దిగిపోయే ముందు వారంలో మగది కన్నది. సముద్రపు గుర్రాల్లో మోసేదీ కనేదీ మగదే. పొట్ట మీది సంచిలోంచి వెంట్రుకంత పిల్లలు బుసబుసమని బయటికి వస్తుంటే క్లాసులన్నీ ఆగిపోయాయి. ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మొగోడు కంటాండాడా! ఈ బుద్ధి దేవునికి మన పక్క యాల పుట్టలేదు మేడమ్మా?"

మేడం నవ్వీ నవ్వీ బల్ల పట్టుకున్నారు. ఆ పిల్లల్లో దాదాపు అన్నీ పోయాయి, అది వాటి లెక్కే. ఒక్కటి మిగిలింది.

రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున ఫోన్ చేసేవారు. నాకు కాదు, ఆయమ్మకు. ఇంతకాలం శిష్యురాలిగా ఉన్న నన్ను పక్కన పెట్టి ఆయమ్మకు! ఫోన్‌లో ఒకే మాట: "అక్కా, నీళ్లు బొట్టుదాకా ఉండాయా?" ఆయమ్మ పరిగెత్తి చూసి వచ్చి, "ఉండాయి మేడమ్మా" అనేది. అంతే. ఇద్దరికీ ఆ రోజు మొదలయ్యేది. నిరుడు ఆ మొదటి జంట ఒకదాని వెనక ఒకటి పోయినప్పుడు, మేడం ఫోన్‌లో ఆ సంగతంతా విన్నారు. తర్వాత మళ్లీ అదే అడిగారు.

మొన్న బస్సు దిగి నేరుగా మేడం ఇంటికి పోయాను. ఆయమ్మ నాకన్నా ముందే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మేడం ముఖాన పెద్ద బొట్టు పెట్టి, చేతుల నిండా కొత్త పచ్చగాజులు తొడిగారు. నేను ఆ చేతుల వైపే చూస్తుంటే ఆయమ్మ నా చేయి పట్టుకుంది.

"నీళ్లు దిగిపోయింటాయి పా" అని లేచింది.

కాలేజీకి వచ్చాం. చావింటి నుంచి వచ్చి దేన్నీ తాకకూడదని ఇద్దరం కుళాయి కింద తలారా పోసుకున్నాం. ఆయమ్మ తడి జుట్టు ముడేసుకుని, చెంబుతో మంచినీళ్లు తెచ్చి కొంచెం కొంచెంగా పోసింది. బొట్టు అంచు తాకగానే ఆపింది. ఎప్పుడూ పొద్దున మోగే ఆమె ఫోన్ బల్ల మీద ఊరికే ఉంది.

ఆయమ్మ తొట్టి దగ్గరికి వంగి, ఎవరో అడిగినట్టే చెప్పింది.

"ఉండాయి మేడమ్మా. బొట్టుదాకా ఉండాయి."

లోపల ఆ మిగిలిన పిల్ల, ఇప్పుడు పెద్దదైంది, మేడం గాజుకు తోక చుట్టుకుని నీళ్లతోపాటు మెల్లగా ఊగుతోంది.