అజ్మాన్ మంచి పది నిమిషాలు

అజ్మాన్‌లో గది తీసుకున్నానంటే షార్జా గ్యారేజీలో అందరూ నవ్వారు. ఎనభైల మొదట్లో వాళ్ళ లెక్కన అజ్మాన్ అంటే ఊరి చివర ఊరు. నవ్వనీ అనుకున్నాను. షార్జా అద్దెలు కట్టి పెళ్ళాన్ని తెచ్చుకోవాలంటే నేను ఇంకో జన్మ ఎత్తాలి. పెళ్ళయి ఆరేళ్ళు, అందులో ఇద్దరం కలిసి ఉన్నది గట్టిగా ఐదు నెలలు. నాకు వీసా ఇచ్చిన కఫీల్ కాళ్ళావేళ్ళా పడి ఆమెకూ వీసా ఒప్పించాను. ఇక ఆమె సరే అనడమే మిగిలింది.

ఆ రోజుల్లో మా వాళ్ళకు ఉత్తరాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, కరీంనగర్ వైపు పోయే మనిషి చేతిలో పెట్టేవాళ్ళం. ఆమెకు చదువు రాదు. మా సంసారమంతా టేపు మీదే నడిచింది.

ఒక శుక్రవారం పొద్దున కూర్చుని అజ్మాన్ సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. నాకు పొగడటం చేతకాదు, సణగమంటే మాత్రం ఎంతసేపైనా సణుగుతాను. నల్లా నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు. ఏసీ నడిస్తే మోతకు నిద్ర పట్టదు, ఆగితే ఉక్కకు పట్టదు. నేను తెల్లవారుజామునే పికప్ ఎక్కితే మళ్ళీ పొద్దుగూకాకే ఇంటికి. చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఆడమనిషి ఒక్కతె లేదు. పగలంతా ఆ నాలుగు గోడల మధ్య ఒక్కదానివే ఏం చేస్తావో, తలుచుకుంటే భయమేస్తోందని కూడా చెప్పేశాను. దాదాపు అరగంట పట్టింది.

ఆమె వచ్చేదాకా నాతో ఆ గదిలో ఉంటున్న నెల్లూరు భాయ్, బట్టలు కుట్టేవాడు, అంతా విని తల పట్టుకున్నాడు. "అబ్బాయా, ఇది వింటే ఏ ఆడమనిషి విమానం ఎక్కుద్ది? మంచి మాత్రం చెప్పు. మిగతాది వచ్చాక ఆమే చూసుకుంటది."

నిజమే కదా అనిపించింది. క్యాసెట్ మొదటికి తిప్పి, ఆ మాటల మీదే మళ్ళీ రికార్డు చేశాను. ఐదు నిమిషాలు నడిస్తే సముద్రం. పడవ దిగిన చేప దిగినట్టే దొరుకుతుంది. మలయాళీ కొట్లో చింతపండు, పెసరపప్పు అన్నీ ఉంటాయి. అద్దె తక్కువ, వీధిలో గోల లేదు. ఒక్కొక్కటి రెండేసిసార్లు చెప్పినా పది నిమిషాలకల్లా మంచి ఖలాస్. టేపు ఆపి, ఆ సాయంత్రమే ఊరికి పోయే మనిషికి ఇచ్చేశాను.

ఇచ్చిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. రానంటే ఏం చేయాలి? నా మాట నమ్మి వచ్చి, ఇదా నువ్వు చెప్పిన ఊరు అంటే ఏం చేయాలి? పానా చేతిలో పట్టుకుని ఏ నట్టు విప్పడానికి వచ్చానో మరిచిపోయేవాణ్ణి. నలభై రోజులకు జవాబు క్యాసెట్ వచ్చింది.

కుశల ప్రశ్నలయ్యాక ఆమె, "ఉప్పు నీళ్ళకు పప్పు ఉడకదంటివి. రాత్రే నానబెడితే అదే ఉడుకుతది" అంది.

నేను భాయ్ వైపు చూశాను. ఆ మాట నేను చెరిపేశానే! భాయ్‌కే ముందు వెలిగింది. మంచి పది నిమిషాలే. దాని కింద చెరిగింది కూడా పది నిమిషాలే. ఆ మాటలన్నీ రెండోసారి, చివర్న ఇంకా గట్టిగా సణిగి ఉంటాను. మిగిలిన సణుగుడంతా అట్లాగే టేపులో ఉండిపోయింది. ఊళ్ళో మా వాడకట్టంతా కూర్చుని విన్నదట.

"మొదాల సముద్రమంటివి, చాపలంటివి. గంత మంచిగుంటే నేనెందుకు, నువ్వొక్కనివే ఉండు, రానని చెప్పుదామనుకున్న. ఎనకది ఇన్నంక నీకు నేను కావాలని తెలిసింది. అత్తున్న, టికెట్ పంపు."

కొండంత బరువు దిగిపోయింది. భాయ్ నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, నేను ఏడుస్తుంటే చూడనట్టు టీ పెట్టడానికి లేచాడు. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

"పగటీలంత ఒక్కదానివే ఏం జేత్తవంటివి. ఈడ మాత్రం ఏం జేత్తున్న, నీకోసం ఎదురుచూసుడేనాయె. ఆడైతే పొద్దుగూకెదాక చూత్తే సాలు."