నలభై మూడు గంటల శనివారం

మొహం ఇలా పీక్కుపోయిందేమిటని అడక్కండి. మొన్న ఒక శనివారం నాకు రెండుసార్లు వచ్చింది, ఆ పై వారం అసలు రానేలేదు. రెండింటికీ బలైంది నేనే!

మా అమ్మాయికి ఫిజీలో మేముండే సువాలోనే డాక్టరు సీటు వస్తే నా చేత ఏడు శనివారాలు వరసగా ఉపవాసం చేయిస్తానని మా అమ్మ వెంకన్నకు మొక్కుకుంది. చదివింది పిల్ల, మొక్కింది అమ్మ, పస్తు నాకు! సీటొచ్చింది. పాలు, అరటిపళ్ళతో అయిదు శనివారాలు ఎలాగో లాగించేశాను. ఆరోదానికి సరిగ్గా లాస్ ఏంజెలెస్‌లో టీచర్ల మీటింగ్ పడింది, వారం రోజులు.

జాగ్రఫీ మాస్టర్ని కదా, నాకు లెక్కలెందుకు తెలియవు! మా నాండీ ఎయిర్‌పోర్టు నుంచి దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్లు, పది గంటల పైచిలుకు. శనివారం రాత్రి ఎక్కితే పన్నెండు దాటగానే ఆదివారం, హాయిగా భోంచెయ్యొచ్చు. దూరం చూశాను, గంటలు చూశాను, రోజు చూడలేదు.

సువా నుంచి నాలుగు గంటలు బస్సులో ఊగి, ఖాళీ కడుపుతో విమానమెక్కాను. నా భోజనం దాచమ్మా అని ఎయిర్ హోస్టెస్‌ని బతిమాలుకున్నాను. వాచీలో పన్నెండు కాగానే పాపం వేడి చేసి తెచ్చింది. అన్నం, పప్పు! కలిపి నోటి దాకా తెచ్చాను. ఎదురుగా స్క్రీన్ మీద ఏముందంటారు? లాస్ ఏంజెలెస్, శనివారం, ఉదయం అయిదు!

ఓరి నాయనో, డేట్ లైన్! అటు దాటితే రోజు ఒకటి వెనక్కి! ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద పిల్లలకు గీసి చూపిస్తున్నాను!

"బాగా లేదా సార్?" అందా అమ్మాయి.

"అన్నం బాగానే ఉందమ్మా. శనివారమే బాగా లేదు."

తినేద్దామనే అనిపించింది. కానీ పిల్ల భవిష్యత్తు కదా, భయమేసింది. ట్రే వెనక్కిచ్చేశాను. మొత్తం నలభై మూడు గంటల శనివారం! హోటల్లో మంచం మీద పడ్డవాణ్ణి పడ్డట్టే ఉన్నాను.

వారం గడిచింది. తిరుగు టికెట్ శుక్రవారం రాత్రి. ఏడో శనివారం విమానంలో నిద్రలోనే గడిచిపోతుందిలే అని ముందే వేసుకున్న ప్లాన్. దారి పొడుగునా ఏం పెట్టినా వద్దన్నాను. తెల్లారి నాండీలో దిగి, టీ కొట్టు ఆవిడతో, "ఉత్త టీ చాలు, ఇవాళ శనివారం" అన్నాను.

"మాస్టర్, ఆజ్ ఇత్వార్ హై!" అందావిడ నవ్వుతూ.

ఆదివారమట! గీత ఇటు దాటేసరికి శనివారం మాయం! వెళ్ళేటప్పుడు తెలిసొచ్చింది తిరిగొచ్చేటప్పుడు గుర్తుండాలా వద్దా?

ఇంటికెళ్ళి అమ్మ దగ్గర కూలబడ్డాను. "అమ్మా, అక్కడ ఒకటి ఎక్కువ చేశాను. దాన్ని ఇక్కడ సర్దెయ్."

"పరాయి దేశపు శనివారం నిన్నెవరు చెయ్యమన్నార్రా? వరసగా ఏడు అన్నాను. వరస తెగింది."

"ఆ శనివారం అసలు రాలేదమ్మా!"

"ఎందుకు రాలేదు? నిన్న పొద్దున్నించి రాత్రి దాకా ఇక్కడే ఉంది. నువ్వే లేవు."

మళ్ళీ మొదటి నుంచీ ఏడు. ఇవాళ ఒకటోది. ఆ పకోడీల ప్లేటు కాస్త అవతలికి జరపండి, వాసన తగులుతోంది.