ఎడమ పెడల్

తెలంగాణ బంద్‌లో బస్సులు లేక సైకిల్ మీద కోరుట్లకు పోతుంటే, రుద్రంగి దగ్గర ఎడమ పెడల్ విరిగింది. విరుగుతుందనే భయంతో కొన్న కొత్తది సంచిలోనే ఉంది, పాతది క్రాంకు కడ్డీలోంచి ఊడి వస్తేగా! బస్ షెల్టర్ ముందు అరగంట సేపు పానాతో కుస్తీ పట్టాను. బంద్ అయిపోతే సిరిసిల్ల పోదామని కూర్చున్న ఒకావిడ అంతసేపూ చూస్తూనే ఉంది. చివరికి లేచి వచ్చింది.

"ఎడమ దానికి మరలు ఉల్టా ఉంటయి. నువ్వు ఇప్పుతలేవు, బిగిస్తున్నవ్."

పానాను ఉల్టా తిరిగేలా పెట్టి కాలితో గట్టిగా తొక్కింది. పెడల్ ఊడింది. దాంతోపాటే, అరగంట సేపు నేను బిగించి అరగదీసిన క్రాంకు లోపలి మరలూ రాలిపోయాయి. కొత్త పెడల్ ఇక అందులో నిలవదు.

"గా మాట ముందే చెప్పొద్దా అక్కా?" అని అరిచాను.

"చెప్దామనుకున్న తమ్మీ. నువ్వు బూతులు తిట్టుకుంట చేస్తున్నవ్. భయమైంది."

కోరుట్ల దాకా సైకిల్‌ను నెట్టుకుంటూ నడిచాను. దారిలో ఎవరినీ ఏమీ అనలేదు, సైకిల్‌ను కూడా.