అవసరం

శంషాబాద్‌లో మా కింది వాటాలో రాయచూరు నుంచి వచ్చిన ఆమె ఉండేది. ఎప్పుడూ తలుపు కొట్టేది కాదు. ఏదడగాలన్నా మెట్ల మీదే నిలబడి, కొంగు మెలిపెడుతూ పిలిచేది.

ఆ ఉదయమూ అక్కడినుంచే, "అక్కా, అవసర ఉంది, రా!" అంది.

ఉప్పో పప్పో కావాలేమో అనుకున్నాను. "జర ఆగు, బట్టలు ఆరేసి వస్త," అన్నాను.

బకెట్ ఖాళీ చేసి దిగేసరికి ఆమె భర్త మూతి వంకరపోయి నేల మీద పడి ఉన్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పడిపోయింది. జర ముందు తేవాల్సిందన్నాడు డాక్టరు.

కన్నడలో అవసర అంటే తొందర అని అక్కడి నర్సు చెప్పింది. హిందీలోనైతే అవకాశమట.

ఆమె నా చేతులు పట్టుకుని, "నువ్వు లేకుంటే ఆయన దక్కకపోతుండె అక్కా," అని ఏడ్చింది.

నేను కాదనలేదు.