నా పొయ్యి మీద నేనే గీసిన సరిహద్దు

తన పొయ్యి మీద తానే సరిహద్దు గీసుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. దోహా దగ్గర మెసయీద్‌లో మా క్యాంప్‌కు వచ్చి ఉంటే చూసేవారు. ఆ మనిషి నేనే.

నేను కంపెనీ బస్సు డ్రైవర్ని, మాది కడప వైపు. గేటు దగ్గర బస్సు ఆపుకుని ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్‌లో ప్రపంచ చరిత్ర వింటాను. విన్నది కడుపులో దాచుకోలేను. మా వంటగదిలో రెండు మెస్సులు: ఎడమవైపు పొయ్యిలు జగిత్యాల వాళ్ళవి, కుడివైపువి గోదావరి వాళ్ళవి. నడుమ రెండు మంటల చిన్న పొయ్యి నాది. ఏ కూటమిలోనూ చేరకుండా నా సంగటి నేనే గెలుక్కుంటానని నాకు మహా గర్వం. అటువాళ్ళు ఇంత తలకాయ కూర, ఇటువాళ్ళు ఇంత చేపల పులుసు నా గిన్నెలో వేసేవారు. అదంతా నా మీద ప్రేమే అనుకున్నాను. శుక్రవారం సెలవుకు బజారుకెళ్ళే బస్సు మాంసం కొట్టు దగ్గర ముందు ఆగాలా, చేపల బజారు దగ్గరా అన్నది డ్రైవర్ ఇష్టమని వాళ్ళకు తెలుసు. నాకే తట్టలేదు.

ఒక సాయంత్రం అందరూ వండుకుంటుంటే, యుద్ధం గెలిచిన అగ్రరాజ్యాలు రెండూ యూరప్‌ను ఎలా పంచుకున్నాయో మా అగ్గిరాజ్యాలకు చెప్పాను.

"ఈ సగం దేశాలు నా మాట వినాల, ఆ సగం నీ మాట వినాల. నడిమి దేశాలను ఎవరూ అడగల్యా!"

బాగా అర్థం కావాలని ఒక వెల్డర్ దగ్గర సుద్దముక్క తీసుకుని గట్టు మీద గీత గీశాను. "ఇది జర్మనీ అనుకోండప్పా" అంటూ నా పొయ్యినీ వదలలేదు, రెండు మంటల మధ్యగా లాగాను. చప్పట్లు కొట్టారు. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి సుద్దగీత మీద పసుపు టేపు అంటించి ఉంది. నా ఎడమ మంట మీద జగిత్యాల పప్పు, కుడి మంట మీద గోదావరి పులుసు. పొయ్యి ఉంది, నాకు మాత్రం పోయింది.

"ఏందప్పా ఇది?"

జగిత్యాల మెస్ పెద్దాయన గరిటె ఆపలేదు. "నువ్వే గీస్తివి గదనే. జర్మనీని ఎవరన్న అడిగిన్రా?"

గోదావరి పెద్దాయనది ఇంకా మర్యాద. "తమరంతటి వారు గీసిన గీతండీ. మేం చెరిపితే బాగుంటుందేంటండీ?"

నా మాటలే నాకు వడ్డించారు. మా మెస్‌లో చేరిపో, అన్నం పెడతాం అన్నారు ఇద్దరూ. చేరితే కడుపు నిండుతుంది, సంగటి ఉండదు. పైగా నేను వాళ్ళ మనిషినైపోతాను. ఖుబూస్ రొట్టె, పెరుగుతో శుక్రవారం దాకా ఓర్చుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే బస్సు నడుమ బారునా పసుపు టేపు అంటించాను. వంటగదిలో లాగే ఎడమ వరస జగిత్యాల, కుడి వరస గోదావరి. తలుపు కుడివైపు.

"మెట్లు మావండీ! అడిగి ఎక్కాలి!" అని గోదావరి పెద్ద మురిసిపోయాడు.

దోహాకు ఉత్తరంగా పోతుంటే పొద్దుటి ఎండంతా కుడివైపే. పేరుకే ఏసీ. "ఏం సార్, మంచిగ ఉడికిన్రా?" అని నీడన కూచున్నవాళ్ళు అడిగారు. బజారు దగ్గర కుడివాళ్ళు తీరిగ్గా ఒక్కొక్కరే దిగారు. అందరూ దిగేదాకా మెట్ల మీద ఎడమవాళ్ళను కాలు పెట్టనివ్వలేదు. వీళ్ళు మాంసం కొట్టుకు చేరేసరికి తలకాయలన్నీ అమ్ముడుపోయాయి.

తిరుగు ప్రయాణంలో బస్సు దక్షిణానికి తిరిగింది, సూర్యుడు పడమటికి తిరిగాడు. ఎండ మళ్ళీ కుడివైపే. అటు చేపలు వాడిపోతున్నాయి, ఇటు సంచులు ఖాళీ.

"అన్నా, టేప్ తియ్యే!" అని ఎడమ నుంచి.

"తీసేయండి బాబూ, పుణ్యముంటుంది!" అని కుడి నుంచి.

నాలుగేళ్ళలో రెండు మెస్సులూ ఒకే మాట అనడం అదే మొదలు. అద్దంలో నన్ను నేను చూసుకుని మీసం సర్దుకున్నాను. యూరప్ వాళ్ళకు దశాబ్దాలు పట్టింది. మావాళ్ళకు ఒక్క శుక్రవారం చాలింది.

"ముందు జర్మనీని కలపండప్పా," అన్నాను.

క్యాంప్ చేరగానే పెద్దలిద్దరూ వంటగదికి పరుగెత్తి, నా పొయ్యి మీది టేపు పీకి, ఉండచుట్టి తెచ్చి చూపించారు. బస్సుది పీకే పని కూడా వాళ్ళకే అప్పగించాను. బంక ఎండకు కరిగి గట్టిగా పట్టేసింది. ఒకరు ముందు నుంచి, ఒకరు వెనక నుంచి, మోకాళ్ళ మీద కూచుని గోళ్ళతో గీకుతుంటే, నేను డ్రైవర్ సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, జర్మనీ ఎలా కలిసిందో మొదటి నుంచీ, ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను.