ఆరూ పదికి కనిపించిన వెలుగు

అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో, హాలు మూల వేడిగాలి వచ్చే జాలీ మీద మనవరాలి ఉన్ని గ్లోవ్స్ ఆరుతున్నాయి. మంచులో ఆడి వచ్చి అక్కడ పడేసి పోయింది. తడి ఉన్ని వేడెక్కుతుంటే తడిసిన గొర్రెనీ కాలిన అట్టనీ కలిపినట్టు ఒక వాసన వస్తుంది. నలభై ఏళ్ళ కింద నార్వేలో నా గ్లోవ్స్‌దీ అదే వాసన. అది తగిలితే చాలు, నా కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుంటాయి, నోరు తెరుచుకుంటుంది. "నేను నార్వేలో నార్దర్న్ లైట్స్ చూశాను, మైనస్ నలభైలో! ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరదాకా పచ్చటి పట్టుచీరలు ఆరేసినట్టు..." అని ఎవరు దొరికితే వాళ్ళకి మొదలుపెడతాను. వంటింట్లోంచి నా భార్య వసంత దగ్గుతుంది. నలభై ఏళ్ళుగా అదే దగ్గు. సరే, ఒప్పుకుంటున్నాను. అప్పుడు మైనస్ ఐదు. ఆకాశంలో ఉన్నది మబ్బు. కానీ నన్ను అక్కడికి లాక్కుపోయిన మనిషి గురించి చెప్పడానికి ఏమీ పెంచక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆవిడ డాక్టర్ సుభద్ర గారు, మా బాసు. 1980లో నేను మినియాపొలిస్‌లో ఒక ఆసుపత్రిలో పాథాలజీ ట్రైనింగ్‌కి చేరేటప్పటికే ఆవిడ అక్కడ పన్నెండేళ్ళుగా పాతుకుపోయి ఉన్నారు. ఆపరేషన్‌లో తీసిన భాగాలు సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని కోసి, కొలిచి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో రాయడం మా పని. ఆవిడ ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ మనిషి కావడంతో, బల్ల అందక చెక్కపీట వేసుకుని నిలబడేవారు. చీర మీద తెల్లకోటు, కోటు జేబులో స్టీలు స్కేలు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఆవిడ దగ్గర పని చేయడమంటే గయ్యాళి అత్తగారి ఎదుట కొత్తకోడలు బియ్యం ఏరడమే. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరించేవారు. రిపోర్టు కాగితం మధ్యలో అడ్డంగా ఒక గీత గీయించేవారు. గీతకి పైన చూసింది, కింద అనుకున్నది. పై భాగంలో 'బహుశా' అన్న మాట కనిపించిందా, కాగితం వెనక్కి వచ్చేది. "నీ అభిప్రాయం ఎవరడిగారయ్యా ఇక్కడ? కంటికేం కనబడింది? అది రాయి చాలు" అనేవారు. ఇంటికి పోయి వసంత చేసిన వంకాయ కూర బాగుందని చెప్పడానికి కూడా నేను భయపడే స్థితికి వచ్చాను.

1981 నవంబరులో ఒక పిత్తాశయం వచ్చింది. ఆ వారంలో అది పద్నాలుగోది. సరే, నాలుగోది. కోసి చూశాను. 'గోడ మందం మూడు మిల్లీమీటర్లు, రాళ్ళు లేవు' అని రాసేశాను. కోసిన మాట నిజమే, స్కేలు మాత్రం పెట్టలేదు. ఎప్పుడూ మూడే ఉంటుంది కదా, పెట్టడమెందుకు? సాయంత్రం ఆవిడ ఆ సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"స్కేలు పెట్టావా మూర్తీ?"

"పెట్టాను మేడం."

"ఎక్కడ?"

"మధ్యలో."

ఆవిడ జేబులోంచి స్కేలు తీసి మధ్యలో పెట్టారు. ఆరు. సన్నటి మెడ భాగాన్ని నొక్కితే మినపగింజంత రాయి ఒకటి బయటికి జారింది. రిపోర్టు ఇంకా ఎవరికీ పోలేదు కనక రోగికి నష్టమేమీ లేదు. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "చూడకుండా రాయడం బద్ధకం. అది నేను మాన్పించగలను. చూశానని నా మొహం మీద చెప్పావు చూడు, దానికి నా దగ్గర మందు లేదు. నిన్ను మూడో ఏడాదికి ఉంచాలో వద్దో జనవరిలో కమిటీకి రాయాలి. ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు" అన్నారు. ఆ చోటు పోతే, సగంలో గెంటేసినవాణ్ణి మరో ఆసుపత్రి తీసుకోదు. తీసుకోకపోతే వీసా ఉండదు. వసంత అమెరికా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

పది రోజుల తరవాత ఆవిడే పిలిచారు. "క్రిస్మస్ వారం నీకు డ్యూటీ లేదు కదా. నాతో నార్వే రా. వసంతని కూడా తీసుకురా." ఆవిడతో వెళ్ళాల్సిన చెల్లెలు షికాగోలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుందట. మోకాళ్ళ నొప్పులతో ఒక్కరూ మంచులో నడవలేరు. చిన్నప్పుడు రాజమండ్రి బళ్ళో మాస్టారు భూగోళం పాఠంలో నార్వే ఆకాశంలో ఆడే వెలుగుల గురించి చెప్తే ఈవిడ లేచి "మీరు చూశారా మాస్టారూ?" అని అడిగిందట. బెంచీ ఎక్కించారట. యాభై నాలుగేళ్ళు వచ్చినా ఆవిడ ఆ బెంచీ దిగినట్టు లేదు. ఇంతకీ ఆ వారం మా మినియాపొలిస్‌లో మైనస్ ఇరవై. చలిని వెతుక్కుంటూ అక్కడినుంచి నార్వే పోవడమంటే సముద్రం ఒడ్డున కాపురముంటూ ఉప్పు కోసం పొరుగూరు పోవడమే. మా ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన, కారులో నాలుగైదు గంటలు ఉత్తరానికి పోతే ఆ లైట్లేవో మిన్నెసోటాలోనే అప్పుడప్పుడు కనిపిస్తాయన్నాడు. పరిగెత్తుకెళ్ళి మేడంకి చెప్పాను. "పాఠంలో నార్వే అని ఉందయ్యా" అన్నారు. అయిపోయింది. ఇక ఆవిడ పెట్టెలు మోసి, మంచులో చెయ్యి పట్టి నడిపించి, కమిటీకి నా గురించి ఒక మంచిమాట రాయించుకుందామనుకుని బయల్దేరాను.

ట్రోమ్సో అనే ఊరికి కొంచెం అవతల, సముద్రపు పాయ ఒడ్డున పసుప్పచ్చ చెక్క ఇల్లు. కింద వంటిల్లు, పైన మూడు మంచాల గది. డిసెంబరులో అక్కడ సూర్యుడు అసలు రాడు. మధ్యాహ్నం పన్నెండుకి నీలిమందు కలిపిన నీళ్ళలా కాస్త తెల్లవారి, రెండు దాటేసరికి మళ్ళీ చీకటి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిదాకా మడత కుర్చీలు వేసుకుని బయట కూర్చోవాలని ఆవిడ శాసనం. మేడం పట్టుచీర, రెండు కోట్లు, మంకీ క్యాప్. ఒళ్ళో ఫ్లాస్కు నిండా మిరియాల చారు. నా ఒళ్ళో నోటుబుక్కు. పది నిమిషాలకోసారి టైము వేసి ఆకాశం ఎలా ఉందో రాయాలి. నాలుగూ పది, మబ్బు. నాలుగూ ఇరవై, మబ్బు. విసుగెత్తి ఒకసారి 'దట్టమైన మబ్బు' అని రాశాను.

"దట్టమని నీకెలా తెలిసింది? పైకెక్కి చూశావా?"

"నక్షత్రాలు కనబడ్డంలేదు కదా మేడం."

"అయితే నక్షత్రాలు కనబడ్డంలేదని రాయి."

వసంత మాత్రం హాయిగా వంటింట్లో ఇంటి పెద్దావిడతో జతకట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. పొద్దస్తమానం నవ్వులే. పాలకోవా రుచి ఉండే గోధుమరంగు చీజ్ వేసి ఆ పెద్దావిడ వాఫుల్స్ అనే గళ్ళ అట్లు వేడివేడిగా పెట్టేది. ఆ వాసన కిటికీ సందులోంచి నా దాకా వచ్చి నన్ను చిత్రహింస పెట్టేది. మూడు సాయంత్రాలు అలా గడిచాయి. తరవాతి రోజు మధ్యాహ్నం తిరుగు ప్రయాణమనగా, నాలుగోది మిగిలింది.

ఆ సాయంత్రం ఐదూ నలభైకి మేడం కర్ర ఊతంతో కుర్చీలోంచి లేవలేక లేచారు. "మోకాళ్ళకి మందు రాసుకుని వస్తాను. కాసేపు పడుతుంది. నువ్వు కదలకు. ఇంత వెలుగు కనబడినా కేకెయ్యి" అని పైకి వెళ్ళారు. నేను గంటసేపు కొండలా కదలకుండా కూర్చున్నాను. అబద్ధం. ఐదు నిమిషాలు కూర్చుని వంటింట్లోకి దూరాను. ఒక్క వాఫుల్ తిని పోదామనుకున్నాను, మూడయ్యాయి. మెట్ల మీద ఆవిడ కర్ర చప్పుడు వినబడగానే వెనక తలుపులోంచి పరిగెత్తి కుర్చీలో పడ్డాను. నోటుబుక్కులో నాలుగు వరసలు ఖాళీ. ఐదూ యాభై, మబ్బు. ఆరు, మబ్బు. అలా రాసుకుపోతే సరిపోయేది. కానీ నాలుగు రోజుల మబ్బు చేతిని కూడా విసిగిస్తుంది. ఒక్కసారి కనబడిందంటే ఆవిడ కోరిక తీరినట్టే, పుస్తకం మూసేసి లోపలికి పోవచ్చు కదా అనిపించింది. 'ఆరూ పది, ఉత్తరాన ఆకుపచ్చ వెలుగు, రెండు నిమిషాలు' అని రాశాను. ఆరూ ఇరవై, మళ్ళీ మబ్బు.

ఆవిడ వచ్చి టార్చిలైటు వేసి చదివారు. రెండోసారి చదివారు.

"ఎందుకు పిలవలేదు?"

"పిలిచేలోపే పోయింది మేడం."

"కదిలిందా?"

"కొంచెం."

"ఎటు నుంచి ఎటు?"

"ఎడమ నుంచి... కుడికి."

ఒక్కో జవాబూ ఆవిడే నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ వరస పక్కన రాశారు. లోపలికి పోదామని నేను అల్లిన మాట కాస్తా నా మెడకే చుట్టుకుంది. "ఒకసారి వచ్చింది కదా, మళ్ళీ రావచ్చు" అని ఎనిమిది దాటినా ఆవిడ లేవలేదు. ఆవిడ లేవకపోతే నేనెలా లేస్తాను? పది దాకా కూర్చున్నాం. మబ్బు కదల్లేదు. చారు అయిపోయింది.

ఆవిడ పడుకున్నాక వసంత నన్ను మెట్ల మీద పట్టుకుంది.

"ఆరూ పదికి మీరు చూసింది ఏ ఆకాశమండీ? మూడో వాఫుల్‌కి చీజ్ సరిపోలేదని గొణుగుతున్నారు కదా అప్పుడు?"

"మెల్లగా! వింటారు."

"వినాల్సింది వినేశారు లెండి. 'నాలుగు రోజులు కూర్చుని ఆ కాసేపే లేచాను వసంతా, నా ఖర్మ' అంటూ మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు సుభద్ర అక్కయ్యగారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్తే జనవరిలో మనం మూటాముల్లె సర్దుకోవాలే."

"సర్దుకుందాం. ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ రెండు నిమిషాల్నే తలుచుకుని ఏడుస్తుంది. మీ ఉద్యోగం అంత గొప్పదా?"

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, బయట ఇంకా చీకటిగా ఉండగా, మేడం రొట్టె మీద వెన్న రాసుకుంటున్నారు. ఆ ముందు రాత్రి నేను తయారుచేసుకున్న ఉపన్యాసంలో గడ్డకట్టిన చేతులు, మసకబారిన కళ్ళు, సముద్రం మీద ఎవరిదో పడవ దీపం అన్నీ ఉన్నాయి. వసంత నా వైపు చూస్తోంది. "మేడం, ఆరూ పదికి నేను వంటింట్లో ఉన్నాను" అన్నాను. అంతకన్నా పొట్టి వాక్యం నేను ఆ ముందూ ఆ తరవాతా చెప్పి ఎరగను.

ఆవిడ చాకు కింద పెట్టారు.

"ఐదూ యాభైకి?"

"వంటింట్లోనే."

"ఆరింటికి? ఆరూ ఇరవైకి?"

"అక్కడే మేడం."

"అయితే మబ్బుందని కూడా నీకు తెలీదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. వెలుగొక్కటే అబద్ధమనుకున్నాను. ఆ అరగంటలో మబ్బు విడిచి, నిజంగానే అవి వచ్చి ఆడి పోయి ఉంటే? ఇక ఎవరికీ తెలియదు. ఆవిడ నోటుబుక్కు నా ముందుకి తోశారు. మా ల్యాబులో తప్పు రాస్తే చెరపకూడదు. పాతది కనబడేలా ఒక్క గీతతో కొట్టేసి, తేదీ వేసి, సంతకం చేయాలి. నాలుగు వరసలూ అలా కొట్టేసి 'చూడలేదు' అని నాలుగుసార్లు రాశాను. "నాకు దక్కకపోతే పోయింది, మనలో ఒకళ్ళయినా చూశారు కదా అని రాత్రి సర్దిచెప్పుకుని పడుకున్నానయ్యా. అదీ లేకుండా చేశావు" అన్నారు. ఆ తరవాత మినియాపొలిస్‌లో దిగేదాకా ఏం కావాలన్నా వసంతనే అడిగారు. విమానంలో కిటికీ సీటు వసంతకిచ్చి, తను మధ్యలో కూర్చున్నారు.

జనవరిలో కమిటీకి రాసిన కాగితం పంపేముందు నాకు చూపించారు. మూడు వాక్యాలు. 'ఇతని వర్ణనలు నమ్మదగ్గవి కావు, ప్రతిదీ మళ్ళీ చూడాలి. తనకు నష్టమని తెలిసి కూడా తన తప్పు తానే వచ్చి చెప్పాడు, ఒకసారి. ఉంచండి.' ఆ 'ఒకసారి' దగ్గర ఆవిడ పెన్ను కాసేపు ఆగినట్టుంది, సిరా కొంచెం పరుచుకుంది.

'ప్రతిదీ మళ్ళీ చూడాలి' అన్నమాటని ఆవిడ అక్షరాలా పాటించారు. రెండున్నరేళ్ళపాటు నేను మూసిన ప్రతి సీసా ఆవిడ మళ్ళీ తెరిచారు. తోటి ట్రైనీలు నాలుగింటికి ఇంటికి పోతుంటే నేను ఆ చెక్కపీట పక్కన చేతులు కట్టుకుని నిలబడి, కొలతలు సరిపోయాయని ఆవిడ తల ఊపేదాకా వేచి ఉండేవాణ్ణి. ఆవిడ తల అంత తేలిగ్గా ఊగేది కాదు. 82 డిసెంబరులో మళ్ళీ నార్వే వెళ్ళారు, ఈసారి మణికట్టు బాగుపడిన చెల్లెలితో. నన్ను పిలవలేదు. ల్యాబుకి నా పేర పోస్టుకార్డు వచ్చింది. 'చూశాను. పదకొండు నిమిషాలు. ఆకుపచ్చ కాదు, బూడిదరంగు. కుడి నుంచి ఎడమకి.' కార్డు మీద ఇంకేమీ లేదు. ఆ ఆనందాన్నైనా కాస్త పెంచి రాసి ఉండకూడదా ఈ మనిషి, అని నాకు వొళ్ళు మండింది. వసంత ఆ కార్డు చదివి, కళ్ళు తుడుచుకుంటూ పడీపడీ నవ్వింది.

84 జూన్‌లో నా ట్రైనింగ్ ముగిసే వారం ఒక కిడ్నీ వచ్చింది. కణితి నాలుగు సెంటీమీటర్లని రాసి, మామూలుగా ఆవిడ బల్ల మీద సీసా పెట్టి నిలబడ్డాను. ఆవిడ కాగితం చదివి, సంతకం చేసి, చేతిసంచీ తీసుకున్నారు.

"చెక్ చేయలేదు మేడం."

"చేయలేదు."

"ఎందుకు?"

"నువ్వు కొలిచావు కదయ్యా. నాకు ఆకలేస్తోంది" అని ఇంటికి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకోగానే మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కున్నాను. సీసా తెరిచి, ఆ కిడ్నీ బయటికి తీసి, స్కేలు పెట్టాను. నాలుగు. తిప్పి పెట్టాను. నాలుగే. ఆవిడ తిడుతూ వెనక నిలబడ్డన్నాళ్ళూ నేను ఒకసారి కొలిస్తే సరిపోయేది. నమ్మి వెళ్ళిపోయిన ఆ సాయంత్రం నుంచి, రిటైరయ్యేదాకా, ఆవిడ పోయిన తరవాత కూడా, ప్రతిదీ రెండుసార్లు కొలిచాను. ఆ రెండో కొలత వల్ల ఎన్ని వేల సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా చేరానో వసంతని అడగండి. నన్నడిగితే పెంచి చెప్తాను.