అత్త బొటనవేలి కింద ఎముక

మా అత్త చేతిలోంచి ఎముకొకటి తీసేస్తే ఆ చెయ్యి మళ్ళీ బతికింది. ఇన్నేళ్ళ తరవాత ఈ మాట చెబుతున్నా నా ఒళ్ళు జలదరిస్తుంది. నమ్మనివాళ్ళు నమ్మక్కర్లేదు. నేను పక్కనే ఉన్నాను, ఈ రెండు కళ్ళతో చూశాను.

స్వరాజ్యం వచ్చి రెండేళ్ళయిందేమో. పొందూరులో మా అత్తారిల్లు, నేను ఆ ఇంటి కోడల్ని. మామ పొలం చూసుకునేవాడు, అత్త పత్తి దువ్వి సన్ననూలు వడికేది. మా వైపు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి వరసగా సన్నని పళ్ళుంటాయి. పత్తిని గింజతో సహా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి ఆ పళ్ళమీద లాగితే నలకంతా పోయి మల్లెపువ్వులా వస్తుంది. వేళ్ళు బిగిస్తేనే పని. అత్త వేళ్ళ బిగువు వీధిలో అందరికీ తెలుసు.

ఆ బిగువే పోయింది. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, గడ్డలా లేచింది. నూనె మర్దనా అయింది, వావిలాకు కాపడం అయింది, కట్టు కట్టేవాడూ అయ్యాడు. ఏడాది తిరిగేసరికి చెంబెత్తడానికి కూడా రెండో చెయ్యి సాయం కావలసివచ్చింది. దవడ ముందు కూర్చునేది, పత్తి పట్టుకునేది, మొహం ముడుచుకుని వదిలేసేది. ఒకనాడు నాతో అంది: "ఒసే, ఈ సెయ్యి ఇలగే ఉండిపోతే నానెందుకే ఈ ఇంట్లో? తిని కూకోడానికా?"

మా అత్త నోటంట ఆ మాట! నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి. "విజయనగరం ఎల్దాం పదత్తా" అన్నాను. యుద్ధంలో సిపాయిల చేతులు బాగుచేసి వచ్చిన డాక్టరొకాయన అక్కడున్నాడని విన్నాను. మామ ససేమిరా అన్నాడు. "కోతేటి? ఉన్న సెయ్యి కూడా పోతాది" అని కేకలేశాడు. "పోతే పూచీ నాది మావా" అనేశాను. ఆ మర్నాడే అత్తని తీసుకుని రైలెక్కాను.

రైల్లో విజయనగరం దాకా అత్త ఒళ్ళో చిన్న గుడ్డమూట పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందో అడిగినా చెప్పలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ముని కిటికీ వెలుతురుకి పట్టి చూపించాడు. చర్మం లేదు, కండ లేదు, లోపలి ఎముకలన్నీ తెల్లగా కనిపిస్తున్నాయి. "ఓలమ్మో, ఇది నా సెయ్యేనా బాబూ?" అంది అత్త. బొటనవేలి కింద చింతగింజకన్నా కాస్త పెద్ద ఎముకని చూపించి, అది అరిగిపోయి పక్కదానితో రాసుకుంటోందనీ, దాన్ని తీసేస్తాననీ చెప్పాడు.

అప్పుడు విప్పింది అత్త ఆ మూట. అందులో కడిగి తుడిచిన వాలుగ దవడ!

"మరి ఆ సోటు ఖాళీగా ఒగ్గీకు బాబూ. ఇందులో ముక్క తీసి పెట్టు. నా పెళ్ళినాటినించీ సూస్తన్నాను, ఇది అరగదు."

నాకు తల తీసేసినట్టయింది. నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. దవడని రెండు చేతులా అందుకుని, పళ్ళు తడిమి చూశాడు. "ఇలాంటిదేదో పెట్టే కాలం ముందుముందు వస్తుందేమోనమ్మా. ఇప్పుడు నేనేమీ పెట్టను. ఆ ఖాళీని నీ ఒళ్ళే పూడ్చుకుంటుంది" అన్నాడు.

"స్తంభం లాగేస్తే ఇల్లు నిలబడతాదా బాబూ?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"చెయ్యి ఇల్లు కాదమ్మా, ప్రాణమున్నది" అన్నాడాయన.

కోత అయింది. మత్తు దిగాక అత్త అడిగిన మొదటి మాట "తీసేసినాడేటే?" తీసిన ఎముకని నర్సు పింగాణీ గిన్నెలో చూపించింది. ఇంతే ఉంది. ఇంత ముక్క మనిషిని అంత ఏడిపించిందా అని ఆశ్చర్యపోయాను.

కొన్ని వారాలకి కట్టు విప్పారు. బొటనవేలు వాడిపోయి, ఎవరిదో అన్నట్టుంది. కాగితం ముక్కని వేళ్ళమధ్య పట్టమన్నాడు డాక్టరు. జారి కింద పడింది. నెలలు పడుతుంది, రోజూ పట్టి చూడమన్నాడు. ఇంటికొచ్చాక రోజూ పట్టింది, రోజూ పడింది. మామ చూసి పొలానికి వెళ్ళిపోయేవాడు. తిట్టినా బావుండేది. పూచీ నాదన్నానే, ఆ చెయ్యి రాకపోతే ఈవిడ మొహం ఎలా చూస్తానురా దేవుడా అని లోపల్లోపల కుమిలిపోయాను.

పత్తి దువ్వడం నామీద పడింది. నాకు ఆ పని రాదు, ఓపికా లేదు. అలా నెలలు గడిచాక ఒకనాటి పొద్దున్న పోగులన్నీ తెంపేస్తున్నాను. అత్త వెనకనుంచి వచ్చి చూసింది.

"ఏటే ఇది? పత్తిని అలగ సంపేస్తన్నావేటి, గుంటా?" అంటూ నా జబ్బమీద ఒక్క గిల్లు గిల్లింది.

"అమ్మో!" అని గావుకేక పెట్టాను. కళ్ళంట నీళ్ళు తిరిగాయి. ఆ కేకకి ఉలిక్కిపడి అత్త తన చేతికేసి చూసుకుంది. కుడిచెయ్యి. నేను ఆ బొటనవేలి మొదలు పట్టుకుని నొక్కి చూశాను. ఎముక ఉండాల్సిన చోట ఎముక లేదు. నా జబ్బమీద మాత్రం ఎర్రగా కమిలింది.

"నొప్పెట్టిందేటే?" అంది.

"నా సంగతి సరే, నీకో?"

"నాకు లేదే" అంది అత్త. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గట్టిగా నొక్కి చూసుకుంది. "నాకు నొప్పి లేదే."

నేను రెండో జబ్బ కూడా చాపాను.